వేరు పొడిలోంచి వచ్చిన తెల్లటి పలుకులు

రాయపూర్ పక్కన ఉర్లాలో ఫ్యాక్టరీ వెల్డింగు పని మానేసి, కొండలరావు మోకాళ్ళ నొప్పులకు వేరు పొడి అమ్ముకునేవాడు. ఆయన భార్య అప్పలనరసమ్మ కూడా అదే పొడి వేసుకునేది. అక్కడి మా తెలుగువాళ్ళందరికీ అది ప్రసాదంతో సమానం. వాళ్ళమ్మాయి గంగాభవాని, నేను రాయపూర్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాం, ఎనభై ఎనిమిదిలో. ప్రాజెక్టుకు ఇంకేమీ దొరకనట్టు ఆ పొడే పట్టుకుంది మహాతల్లి. అందులోని అసలు గుణం కనిపెట్టి నాన్నకు పేరు తేవాలని పంతం.

పొడిని నానబెట్టి, వడగట్టి, తెల్లటి పలుకులు తీసింది. మా ఊళ్ళో ఎన్.ఎమ్.ఆర్. యంత్రం లేదు కాబట్టి మా సార్ వాటిని లక్నో పంపించారు. అణువులో ఏ హైడ్రోజన్ ఎవరి పక్కన ఉందో ఆ యంత్రం గీతలు గీసి చెబుతుంది.

ఈలోగా వాళ్ళ పక్కింటి శేషమ్మ నెత్తురు కక్కుకుని ఆసుపత్రిలో చేరింది. ఎందుకో డాక్టర్లకు అంతుపట్టలేదు. మందులేమైనా వాడుతున్నావా అంటే, ఇంగ్లీషు మందు ముట్టనని ఆవిడ గొప్పగా చెప్పుకుంటోంది.

గీతల కాగితం వచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. అంతకు ముందు వారమే సార్ బోర్డు మీద వేసి నేర్పిన గీతలు అవి. వేరూ లేదు, మహిమా లేదు, అచ్చంగా ఆస్పిరిన్! గంగాభవాని కాగితం మడిచి ఇంటికి బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను.

కొండలరావు గుమ్మంలో కూర్చుని పొట్లాలు కడుతున్నాడు. ఇందులో ఆస్పిరిన్ కలుపుతున్నావా అని గంగాభవాని అడిగితే ఆయన తడుముకోనైనా లేదు.

"ఉత్త పొడికి నొప్పి తగ్గుతాదేటే? గోలీ నూరి కలిపినాకే జనం మల్లీ వచ్చినారు."

ఆ పిల్ల వెంటనే అడిగింది: "అమ్మకీ ఇదేనా ఇస్తన్నావు?"

"మీయమ్మకెందుకిస్తానే? దానికి ఉత్త పొడే. రోజూ గోలీ మింగితే కడుపులో పుండు పడతాది."

తెలిసే చేశాడన్నమాట! ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండిపోతుంది. గంగాభవాని అక్కడున్న పొట్లాల్లో ఒకటి తీసుకుని సరాసరి ఆసుపత్రికి నడిచింది. డాక్టరుకు పొట్లం, కాగితం ఇచ్చి, శేషమ్మ రోజూ మింగుతున్న ఈ పొడిలో ఉన్నది ఆస్పిరిన్ అని చెప్పింది.

ఇది అమ్మేది ఎవరని ఆయన అడిగాడు.

"మా నాన్న," అంది.