ముందు పైకి చూసిన మనిషి

అడవిలో గుడారం వేయబోయే ముందు మీరు ఎటు చూస్తారు? కిందికా, పైకా? దేవుడు వింటున్నాడు, నిజం చెప్పండి. నేల చదునుగా ఉందా, బండి వస్తుందా, నీళ్లు దగ్గరేనా, ఇంతేగా మీరు చూసేది? ముప్పై ఏళ్లు చంకలో గ్రంథం పెట్టుకొని ఊరూరా తిరిగిన నేనూ ఇంతే చూశాను. ముందు పైకి చూసే మనిషి మనకు ఒక్కడే ఉండేవాడు. మొన్న మంగళవారం పొద్దున సిరిసిల్లలో, కూతురి ఇంట్లో పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు. వెల్గటూరులో క్షమాగుణం మీద గంటన్నర మాట్లాడి వేదిక దిగుతుంటే నాకు ఫోను వచ్చింది. క్షమాగుణం మీద!

ఆయన మా బుగ్గారం వైపు తాత. మా ఇంటి పక్కనే ఇల్లు. మోకాళ్లు మొరాయించేదాకా తాటిచెట్లెక్కి కల్లు గీశాడు. మా భజన మండలి ఏటా చలికాలంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లల్ని కోరుట్ల అవతలి గుట్టల అడవికి మూడు రోజుల శిబిరానికి తీసుకుపోతుందని మీకు తెలుసు. ఆ పిల్లలు ఎక్కడ పడుకోవాలో పన్నెండేళ్లు ఆ తాతే చూపించాడు. వచ్చే ఆదివారం మండలి మళ్లీ జాగా ఖాయం చేయబోతోంది. చూపించడానికి తాత లేడు. అందుకే ఏడుపు ఆపుకొని ఇది రాస్తున్నాను.

తాత జాగా చూసే తీరు చూసి మొదట్లో నవ్వేవాణ్ణి. మేమంతా వంగి రాళ్లు ఏరుతుంటే ఆయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చెట్ల కొనలు చూస్తూ నిలబడేవాడు. బతుకంతా చెట్టు మీదే గడిపిన మనిషి కదా. ఎండిన కొమ్మ ఎక్కడుంది, అది ఎటు ఒరిగింది, తేనెతుట్టె ఏమైనా వేలాడుతోందా అని చూసేవాడు. కత్తి వెనకవైపుతో మానును కొట్టి చెవి ఆనించేవాడు. డొల్ల చెట్టయితే పెదవి విరిచేవాడు.

"కింద రాయుంటె తీసి పారేయొచ్చు స్వామీ. మీద ఏమున్నదో గది సూడు ముందుగాల," అనేవాడు.

తర్వాత వాగు ఒడ్డున పొదలు చూసేవాడు. పొద కొమ్మలకు ఎంత ఎత్తున చెత్త చిక్కుకొని ఉందో, వాగు అంతదాకా వచ్చిపోయినట్టు. అన్నీ అయ్యాక తువ్వాల పరుచుకొని ఆ నేల మీద మిట్టమధ్యాహ్నం అరగంట పడుకునేవాడు. "పోరగాండ్లను పండవెట్టే జాగల ముందు నేను పండాలె గదా. గండు చీమలుంటె నన్నే కుడుతయి," అనేవాడు. లేచి, పనికిరాని చెట్ల మానులకు సున్నంతో అడ్డగీత గీసేవాడు. కల్లుముంతలకు పూసే సున్నమే. ఆ తెల్లగీత ఉన్న చెట్టు కింద పిల్లలు కూర్చోకూడదు, పొయ్యి పెట్టకూడదు. మా శిబిరంలో అందరికీ తెలిసిన కట్టడి అది.

పన్నెండేళ్లలో ఒక్క పిల్లకు ముల్లు కూడా గుచ్చుకోలేదు. ఏమీ జరగకపోతే మనకు కృతజ్ఞత ఎక్కడిది?

కిందటేడు జగిత్యాలలో మండలి కూర్చుంది. ఒకప్పటి దొరల ఇంటివాడు, ఇప్పుడు మిల్లు నడిపే పెద్దమనిషి ఒకాయన లేచాడు. "దేవుని పనికి జాగ సూపెటందుకు గా కల్లు తాతే కావాల్నా? డ్రోన్ పెట్టి వీడియో తీపిస్త. ఫోన్ల సూసి ఖాయం జేద్దాం," అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను గ్రంథం మీద చెయ్యి వేసి, కల్లుకుండ మోసిన చెయ్యి పవిత్ర స్థలాన్ని చూపించడం శాస్త్రానికి సమ్మతం కాదన్నాను. భక్తులారా, అలాంటి మాట నేను చదివిన ఏ పుటలోనూ లేదు. నేనే పుట్టించాను. చదివిన పుటలో ఉన్నది వేరు. వనవాసానికి పోయిన అన్న, కుటీరం వేసే చోటు వెతకమని తమ్మునికే చెప్పాడు. నీకు ఆ నేర్పు ఉందన్నాడు. ఆ ఘట్టం వందసార్లు చెప్పి జనాన్ని ఏడిపించిన నోరు ఇది.

డ్రోన్ పైనుంచే చూసింది. ఆకులు కనబడ్డాయి, ఆకుల కింద వేలాడేది కనబడలేదు. వాగు పక్కన చదును నేల, నడుమ గొడుగులాంటి పెద్ద మద్దిచెట్టు. వీడియో చూసి అందరూ చప్పట్లు కొట్టారు.

శిబిరానికి ముందురోజు తాత కోరుట్ల బస్టాండులో నన్ను పట్టుకున్నాడు. చెప్పకుండానే పోయి చూసొచ్చాడట.

"స్వామీ, గా మద్దికి మూడు తుట్టెలున్నయి. ఒక్కోటి చాటంత. గాడ హోమం పెట్టకుండ్రి. పొగ తాకిందంటె ఆగయి."

"హోమం పొగ మంత్రంతో లేస్తది తాతా. దానికి ఈగలు అడ్డమా?" అన్నాను, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాలని. నవ్వారు.

తాత కూడా నవ్వాడు. "ఈగలకు మంత్రాలు రావు గదా స్వామీ," అన్నాడు. ఆ తర్వాత నవ్వు పోయింది. "మల్ల జెప్తున్న, పోరగాండ్లున్నరు," అన్నాడు. నేను బస్సెక్కాను.

హోమం మొదలైన కాసేపటికే పొగ కొమ్మల్లోకి పోయింది, ఈగలు లేచాయి. తరువాతది మీరు విన్నారు. పిల్లలు వాగులోకి, ముళ్లపొదల్లోకి, ఎటు పడితే అటు పరుగు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి కళ్లు మూసుకుపోయి మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. నేను ఎక్కడున్నానో తెలుసా? కారులో. అద్దాలు ఎక్కించుకొని. గ్రంథం ఒళ్లోనే ఉంది.

జగిత్యాల ఆసుపత్రికి తాత వచ్చాడు. నేను చెప్పలేదా అంటాడని తల వంచుకున్నాను. ఆయన ఆ పిల్ల మంచం పక్కన కూర్చొని, "ఎట్లున్నది బిడ్డా, తేనె జెరంతన్న పెట్టిపోయినయా?" అని ఆమెను నవ్వించాడు. బయటికొచ్చి నన్ను ఒక్కటే అడిగాడు. "తుట్టెలను ఎవలన్న కాలవెట్టిండ్రా? కాలవెట్టనియ్యకు స్వామీ. అయ్యి ముందుగాల్నే ఉన్నయి గాడ. మనమే పోయినం."

మర్నాడు ఆ మోకాళ్లతో, ఆ దగ్గుతో, ఒక్కడే గుట్టెక్కి ఆ మద్దికి సున్నపుగీత గీసి వచ్చాడట. ఆ సంగతి నాకు ఆయన పోయిన రోజు కూతురు చెప్పింది.

ఆ దగ్గు ముదిరి తాత సిరిసిల్లలో కూతురి దగ్గరికి చేరాడు. క్షమించమని అడగాలని ప్రతి వారం అనుకున్నాను. జగిత్యాలలో సత్సంగం అయ్యాక పోదామనుకున్నాను. గంభీరావుపేటలో సప్తాహం అయ్యాక అటునుంచి అటే సిరిసిల్ల పోదామనుకున్నాను. గంభీరావుపేట నుంచి సిరిసిల్ల ఎంత దూరం? ప్రాణం నీటి బుడగ, ఈ క్షణమే మేలుకో అని మీ మీద అరిచినవాణ్ణి, ఏడెనిమిది నెలలు ఆగాను. చివరికి శవం దగ్గర కూర్చొని అడిగాను. శవం ఏం చెబుతుంది? కూతురు మాత్రం, "నాయిన మీ మీద కోపం వెట్టుకోలే స్వామీ. స్వామికి మెడ నొస్తదేమో, మీదికి సూడడు అనెటోడు," అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మండలి వాళ్లు కోరుట్లలో ఫ్లెక్సీ కట్టారు. మా శిబిరాల మార్గదర్శికి కన్నీటి నివాళి అట! దండ వేసింది ఎవరనుకున్నారు? ఆ మిల్లు పెద్దమనిషే. పక్కన నేను. సిగ్గు లేని ముఖం నాది, ఫోటోలో బాగానే పడింది. ఆదివారం నాటికి కొత్త వీడియో కూడా సిద్ధంగా ఉందట.

నిన్న గుట్టకు పోయి వచ్చాను. తాత గీసిన చెట్లు వెతికాను. ఈ వానలకు సున్నం కరిగిపోయింది. చాలా మానుల మీద ఏమీ లేదు. ఆ మద్దికి మాత్రం వాన కొట్టని పక్క వేలెడంత తెల్లగీత మిగిలింది. తల ఎత్తి చూశాను. తుట్టెలు అక్కడే ఉన్నాయి, నల్లగా, కదులుతూ. ఇంకో రెండు వానలు పడితే ఆ వేలెడంత కూడా ఉండదు. అప్పుడు ఆ చెట్టు ఎవరి కంటికైనా చల్లని నీడే.

తల్లులారా, తండ్రులారా, మీ పిల్లల్ని ఆ నీడలోకి పంపబోతున్నారు. దండలు చాలు. సున్నం కలిపి కుండలో పోసి పెట్టాను. తాత దగ్గర చెట్లెక్కడం నేర్చినవాళ్లు బుగ్గారంలో ఇంకా ఉన్నారు, వాళ్ల కాళ్లు పట్టుకొని అయినా తీసుకొస్తాను. ఆదివారం దాకా ఆగకండి, ఆగితే ఏమవుతుందో నన్ను చూడండి. చదువుతున్న ఈ కాగితం కింద పెట్టి లేవండి. ఇవాళే గుట్టకు పోదాం. పోయి, కాలు పెట్టే ముందు తల పైకెత్తండి.