ఖజానా తాళం, పానగల్ బాకీ

మా మరిది పోయిండని నల్గొండ నుంచి తంతి వచ్చింది. పోయిన నెల ఒక సోమవారం పొద్దున, మహబూబ్‌నగర్‌ల బిడ్డ ఇంట్ల నా మనుమరాలికి జడ వేస్తున్న. తంతిల నాలుగే మాటలు. ఆయన బతికుండి చూస్తే అందుల గూడ ఒకటి ఎక్కువైందని కొట్టేసేటోడు. సర్కారు సొమ్మే కాదు, సొంత మాట గూడ దండుగ చెయ్యని మనిషి. జడ సగంల ఇడిచి బస్సెక్కిన. నేను పోయేసరికి అంతా అయిపోయింది.

మా మరిదంటే నా భర్తకు తమ్ముడు. నల్గొండ ఖజానాల గుమాస్తాగ చేరి, ఆఖరి ఆరేండ్లు ఖజాంచిగ చేసిండు. ఆ తాళంచెవి ఆయన చేతికి అంత ఆలస్యంగ ఎందుకొచ్చిందో ఊరికి తెల్వదు. నాకు తెలుసు.

ఊరికి పోయే ముందల గడపల నిలబడి అడుగుడు ఆయన అలవాటు: "వదినె, మనం ఎవలకన్న ఏమన్న ఇచ్చేదున్నదా?" పక్కింట్ల తెచ్చిన చారెడు చాయపత్తి గూడ యాదిజేసి చెప్పాలె.

"నువ్వు పోతున్నది దేవరకొండకా, కాశికా?" అనేదాన్ని.

"ఏమో వదినె, మన బస్సులను చూస్తే కాశికే పోతున్నట్టుంటది" అనేటోడు.

మన రాష్ట్రం ఆంధ్రల కలిసిన మరుసటేడు మా ఆయనకు కడుపుల పుండయింది. హైదరాబాదు దవాఖానల కోత పెట్టాలన్నరు. ఇంట్ల పైసల్లేవు. నల్గొండ పక్కన్నే ఉన్న పానగల్‌ల గొర్లు మేపుకునే ఒక అవ్వ మాకు ఏండ్ల నుంచి ఎరుక. సంగతి విని ఎనిమిది గొర్లనమ్మి పైసలు తెచ్చి మా మరిది చేతుల పెట్టింది. కాయిదం రాస్తనంటే అవ్వకు కోపమొచ్చింది. మా దిక్కు రోగానికిచ్చిన పైసలకు కాయిదం రాయించుకోరు, రాయించుకుంటే మనిషి దక్కడని భయం. "మీ అన్న లేస్తడని నీకు నమ్మకం లేకుంటే రాయి" అన్నది. రాయలే. మా ఆయన లేచి ఇంటికొచ్చిండు.

ఇంకో ఏడాదికి ఖజాంచి జాగ ఖాళీ అయింది. పెట్టె తాళంచెవి మనిషి మొలకు కట్టే కొలువు. మీద బాకీలున్నోనికి పెట్టె తెరిస్తే చెయ్యి దురద పెడుతదని సర్కారు అనుమానం. అందుకే ఫారంల అడుగుతరు, ఎవరికి బాకీ ఉన్నవు, ఎంత, ఎందుకని. మా మరిది అరుగు మీద కూసోని ఆ జాగల పానగల్ అవ్వ పేరు రాస్తున్నడు.

"కాయిదం లేని బాకీ ఎవలకు తెలుస్తది? ఖాళీగ ఇడువు" అన్న.

"నాకు తెలుసు గద వదినె."

"నువ్వు సర్కారువా?"

"రేపట్నుంచి కొంచెం" అని నవ్విండు.

విచారణకు తాసిల్ కచేరి గిర్దావర్ పానగల్ పోతడని తెలిసి నేను ఒకరోజు ముందే పోయిన. ఇంట్ల గుడికని చెప్పిన. నేను గుళ్లకు పోయే మనిషిని గానని ఇంటిల్లిపాదికి ఎరుకనే ఉండె, ఆ సంగతి నాకప్పుడు తట్టలే.

"అవ్వా, సర్కారోళ్లొచ్చి అడిగితే మా పిలగాడు నీకు బాకీ లేడను."

"ఉన్నడంటే ఏమైతది బిడ్డా?"

"కొలువు రాదు."

"గింతేనా! నా జీవాల మీద ఒట్టేసి చెప్త."

చెప్పింది. "ఒక్క పైస లేదు నాయినా, ఆయన మొఖం గూడ నేనెరుగ" అని గిర్దావర్ ముందట ఏడ్చి మరీ చెప్పింది. నేను నేర్పింది ఒక ముక్క, మిగతాది అవ్వ సొంతం.

పై అధికారి మా మరిదిని పిలిపించిండు. "దవాఖాన బాకీ అయితే నేనే వదిలేస్తుంటి. నువ్వు రాసిన మనిషేమో నిన్నెరుగనంటాంది. అసలు ఇచ్చింది ఏ గుత్తదారో. వాని పేరు దాచి గీ ముసలామె పేరు రాసినవు" అన్నడు. తాళంచెవి ఇంకొకలకు పోయింది. ఆయన ఉన్నదున్నట్టు రాసినందుకు కాదు, నేను తెలివి చూపినందుకు.

ఆ సాయంత్రం అన్నం తింటూ ఈ సంగతంతా చెప్పిండు. "అవ్వ ఎందుకట్ల చెప్పిందో" అన్నడు. నేను చారు గిన్నెలకే చూస్తున్న. "ఇంకొంచెం పొయ్యి వదినె" అన్నడు. అంతే. నా నోటికి ఊర్ల మంచి పేరే ఉన్నది. ఆ పూట పనిచేసింది మాత్రం చెయ్యే, చారు పోసింది.

సైకిల్ అమ్మిండు. నెలనెలా జీతం నుంచి తీసి, నడిచి పోయి అవ్వకిచ్చి వచ్చేటోడు. అయిదో ఏడు ఆఖరి కిస్తు నాడు నన్ను గూడ తోల్కపోయిండు. పైసలు అవ్వ కొంగుల పోసి అడిగిండు:

"అవ్వా, ఇప్పుడు చెప్పు. నీకు నేను బాకీ ఉన్ననా?"

"లేవు కొడుకా."

"మరి నా మొఖం ఎరుగుదువా?"

అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. ఆయన నా దిక్కు తిరిగి, "మా వదినె మాట నిజమైంది. జర ఆలస్యంగ" అన్నడు.

అంటే ఆ చారు పోసిన పూటకే ఆయనకు తెలుసు. తెలిసి గూడ అన్నేండ్లు, ఊరికి పోయిన ప్రతిసారి నా ముందటనే నిలబడి, ఎవలకన్న ఇచ్చేదున్నదా అని అడిగిండు. నేను చాయపత్తి సంగతి చెప్పుకుంట వచ్చిన.

"నన్నెందుకు తిట్టలే?" అని తిరుగుదారిల అడిగిన.

"అన్న లేచి తిరుగుతున్నడు గద" అన్నడు.

ఖజాంచి జాగ మళ్ల ఖాళీ అయినంక, ఫారంల బాకీలు అడిగిన కాడ "లేవు" అని రాసిండు. కొలువొచ్చింది. తాళంచెవిని నల్లదారంతో మొలకు కట్టుకునేటోడు. సాయంత్రం అరుగు మీద గోడకానుకొని కూసుంటే అది గోడను గీరేది. "మొన్ననే సున్నం వేయిస్తి" అని నేను మొత్తుకునేదాన్ని. "సర్కారు ముద్ర వదినె, చెరిపితే జుర్మానా" అనేటోడు.

ఆయన పోయిన మూడో నాడు ఆఫీసు చప్రాసీ వచ్చి తాళంచెవి తీసుకపోయిండు. పదకొండో నాటికి ఇంటికి కొత్త సున్నం వేసిన్రు. తెల్లారి నేను బయలుదేరుతు గడపల నిలబడ్డ. ఎవలన్న ఏమన్న అడుగుతరేమోనని జరసేపు అట్లనే ఆగిన. అరుగు మీద కొత్త సున్నం తెల్లగ ఉన్నది. ఎండ ఏటవాలుగ పడుతుంటే, గోడ మీద, కూసున్న మనిషి నడుమెత్తున, ఆ గీత మళ్ల కానొస్తాంది.