కళాయి వేసిన రాగి గిన్నె

మూడో తరగతితో నా చదువు ఆగింది. అందుకే పట్నంలో రసాయనశాలలో పనిచేసే మా ఆయన నాకు ఉత్తరం రాస్తే అక్షరాలు విడివిడిగా, పెద్దగా రాసేవాడు. యుద్ధం నడుస్తున్న రోజులు. నారాయణఖేడ్‌లో నేనూ అత్తా ఉండేవాళ్లం. వంట ఇద్దరికే, మాటలు అంతకన్నా తక్కువ.

ఒక ఉత్తరంలో రాగి గిన్నె కావాలన్నాడు. ఫ్లోరిన్ అనేదాన్ని నూనెలాంటి ఒక మందులోకి ఎక్కిస్తున్నారట. ఊరికే ఎక్కదు, ఇంకో మందు పిసరంత వేయాలి, పాలకు తోడు వేసినట్టు. ఫ్లోరిన్ గాజును కూడా తింటుంది గనుక రాగి కావాలి. "ఈ పని అయితె సారు నన్ను పక్కా నౌకరిల పెట్టుకుంటనన్నడు. గది దొరుకుతది. నిన్ను తోల్కపోత" అని రాశాడు.

పుట్టింటి గిన్నె తీశాను. లోపల కళాయి, అదే తగరం పూత, అరిగి ఎర్రగా కనిపిస్తోంది. కళాయి లేని రాగిని ఇంకొకరి చేతికివ్వడం మాలో తప్పు. పులుపు పడితే విషం. విరిగిన చీపురు కూడా పారేయని నేను, కళాయి వేసేవాణ్ని వాకిట్లోకి పిలిచాను.

"మొగడు పట్నంల ఉంటె సింగారం గిన్నెకా?" అన్నది అత్త.

"గిన్నె జల్దీ పోతె మనిషి జల్దీ వస్తడు" అన్నాను.

కళాయి వేసేవాడు నవ్వాడు. "గట్లయితె రెండు పూతలు ఏస్త, అక్కా. మొహం చూస్కోవచ్చు."

చూసుకున్నాను కూడా.

గిన్నె పంపిన నెలకు ఉత్తరం వచ్చింది. తిట్టలేదు. "తెల్లగ మెరుస్తుంటె మనింటి గిన్నె గట్లనే ఉంటది గదా అని పోసిన. కళాయి తగిలి తోడుమందు చచ్చిపోయింది. సీసల గంతే ఉండె. విలాయత్ నుంచి మళ్ల రావాలంటె యుద్ధం ఆగాలె." గది మాట అందులో లేదు. వెతికాను.

అడగనిది చేయొద్దని మనవరాళ్లను ఇప్పటికీ గద్దిస్తాను. నేర్చుకున్నది ఆ గిన్నె దగ్గరే.

ఆయన గిన్నె తిప్పి పంపితే, మిగిలిన కళాయి పోయేదాకా ఇసుకతో తోమాను. వారం పట్టింది. మళ్లీ అడిగితే ఇవ్వడానికి ఎర్రగా, వట్టి రాగిగా ఉంచాను. ఆ తర్వాత సంతలో ఎవరు పట్నం నుంచి వచ్చినా యుద్ధం ఆగిందా అని అడిగేదాన్ని.

"నీ మొగడు ఫౌజుల ఉన్నడా ఏంది?" అనేవాళ్లు.

"లేడు" అనేదాన్ని.