మునిరాజు ఎడమ భుజం

1998లో నా టైలరింగ్ షాపు కె.ఆర్.పురంలో, పాత మద్రాసు రోడ్డు మీద ఉండేది. కోలారు వైపు నుంచి వచ్చే బస్సులు ఎదురుగానే ఆగేవి. అలా ఒకరోజు బస్సు దిగి నేరుగా నా షాపులోకి వచ్చాడు మునిరాజు. చింతామణి కుర్రాడు, ఇరవై రెండేళ్లు, సైన్యంలో చేరి రెండేళ్లయింది. సెలవు మీద వచ్చాడు. పెళ్లిచూపులకు కోటు కావాలన్నాడు.

మా పనిలో మెషీను కంటే ముఖ్యం మెజర్‌మెంట్ పుస్తకం. అందులో ఒంటి కొలతలే కాదు, ఒంటి గుట్టు కూడా రాసుకుంటాం. ‘లెఫ్ట్ డౌన్’ అని రాస్తే ఎడమ భుజం వాలి ఉందని అర్థం. కోటులో అటువైపు ప్యాడింగ్, అంటే దూది మెత్త, కాస్త మందంగా పెడితే రెండు భుజాలూ సమానంగా కనిపిస్తాయి. చూసేవాళ్లకు తెలియకుండా ఆ తేడా కప్పేయడమే మా పనితనం.

టేపు పెట్టగానే మునిరాజు భుజం సంగతి తెలిసిపోయింది. నేను పుస్తకంలో రాసుకోవడం చూసి వాడు సిగ్గుపడ్డాడు.

“చిన్నప్పట్నించి పట్టుపురుగులకి ఆకు మూటలు మోసి మోసి ఇట్లయిందన్నా. సెలక్షన్‌లో ఊపిరి బిగబట్టి నిలబడితి. ఎవురికీ తెలీదు. నువ్వూ చెప్పొద్దన్నా.”

“కుట్టేవాడి నోరు ముందే కుట్టేసి ఉంటుందప్పా, భయపడొద్దు” అన్నాను. పకపకా నవ్వాడు. కోటు వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, “అబ్బ, నేనేనా!” అన్నాడు.

మరుసటి ఏడాది కార్గిల్ యుద్ధం వచ్చింది. ఒకరోజు పొద్దున పేపర్లో పాస్‌పోర్టు ఫోటో అంత బొమ్మ, కింద ‘వీరమరణం’ అని. మునిరాజు. కత్తెర కింద పెట్టేశాను. ఆ రోజు ఇంకేమీ కుట్టలేకపోయాను.

కొన్ని నెలలకు వాళ్ల అమ్మ నారాయణమ్మ, కోటు లోపలి లేబుల్ మీది అడ్రసు పట్టుకుని నా షాపుకు వచ్చింది. వెంట ఒక శిల్పి ఉన్నాడు. చింతామణిలో మునిరాజు విగ్రహం పెట్టాలని ఊరివాళ్లు అనుకున్నారట. ఉన్నవన్నీ మొహం వరకే తీసిన ఫోటోలు. ఒంటికి కొలతలు కావాలి.

“వాని బట్టలు ఈయప్పకి ఇచ్చేదానికి మనసు రాలేదప్పా. ఇంకా వాని వాసన ఉండాది వాటిల్లో. నీ పుస్తకంలో కొలతలు ఉంటాయి కదా?” అందామె.

పుస్తకం తీసి చదివాను. ఛాతీ ముప్పై ఆరు, భుజం పదిహేడు, చెయ్యి ఇరవై నాలుగు. ‘లెఫ్ట్ డౌన్’ దగ్గరికొచ్చేసరికి నా వేలు ఆగింది. ‘నువ్వూ చెప్పొద్దన్నా’ అన్న మునిరాజు మాట చెవిలో మోగింది. ఆ ఒక్కటీ వదిలేసి పుస్తకం మూసేశాను. మాట నిలబెట్టుకున్నానని కాస్త గర్వం కూడా కలిగింది.

మట్టి నమూనా తయారయ్యాక, అచ్చు తీసేలోగా చూసుకోమని శిల్పి మమ్మల్నిద్దరినీ తన షెడ్డుకు పిలిచాడు. యూనిఫాంలో నిటారుగా నిలబడ్డ జవాను. చక్కగా ఉన్నాడు. నారాయణమ్మ ముందు నిలబడి చూసింది. తర్వాత వెనక్కి వెళ్లింది. ఎంతసేపటికీ ముందుకు రాలేదు.

“మొగం వాందేప్పా. వెనకనించి చూస్తే ఎవురో మాదిరి ఉండాడు” అంది చివరికి. “ఆకు మూట ఎత్తుకుని పోయేటప్పుడూ, బస్సెక్కను పోయేటప్పుడూ వాన్ని నేను వెనకనించే చూస్తా ఉంటి. ఈడు నా కొడుకు కాదు.”

శిల్పి నా వైపు చూశాడు. కొలతలు ఇచ్చింది నేనే కదా. చెబితే ఆ పిల్లాడికిచ్చిన మాట పోతుంది, చెప్పకపోతే ఈ తల్లికి విగ్రహంలో కూడా కొడుకు దొరకడు.

“ఎడమ భుజం అర అంగుళం దిగాలి” అన్నాను. “వాడే చెప్పొద్దన్నాడమ్మా. నేనే దాచాను.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆగాక, “ఆ బుజం దించింది నేనేప్పా. పదేళ్లోని నెత్తి మూట మోయలేదని బుజం మీద పెడితి. దానికి సిగ్గుపడ్నాడా నా బిడ్డ?” అంది.

శిల్పి నసిగాడు. “వీరుడి విగ్రహం కదమ్మా, భుజం వాలి ఉంటే ఊళ్లో ఏమంటారో.”

“వాళ్లు ముందరనించి చూసుకోనీ. నేను చూసేది వెనకనించి” అందామె. అతను చెక్క బద్ద తీసుకుని ఎడమ భుజం మీది మట్టిని కొంచెం కొంచెంగా తీశాడు.

విగ్రహం పెట్టిన రోజు నేనూ చింతామణి వెళ్లాను. అందరూ ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నారాయణమ్మ ఒక్కతే వెనక నిలబడింది. దగ్గరికి వెళ్తే నా చెయ్యి పట్టుకుంది.

“ఇప్పుడు వాడేప్పా. పోతా ఉండాడు చూడు.”

తర్వాత కూడా చాలా కోట్లు కుట్టాను, ప్యాడింగులూ పెట్టాను. కానీ మనిషిలో వంకర కనిపిస్తే దాన్ని కప్పే ముందు, అది ఏ మూట మోసి వచ్చిందో అడగడం నేర్చుకున్నాను. షాపు మూసేశాక పాత పుస్తకాలన్నీ పారేశాను, ఆ ఒక్కటి తప్ప. ‘లెఫ్ట్ డౌన్’ అన్న ఆ పేజీ తెరిచినప్పుడల్లా మునిరాజుకు ఒకే మాట చెప్పుకుంటాను: నీకిచ్చిన మాట తప్పాను నాయనా, మీ అమ్మ కోసం తప్పాను.