నడిచి చూపించిన ఇల్లు

పోయిన గురువారం ఉదయం దీపం పెట్టి లేస్తుండగా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, మన పెద్దాయన పోయారు. తెల్లవారుజామున, నిద్రలోనేనట" అంది. నేను మళ్ళీ పీట మీద కూర్చున్నాను. చదువుతున్న స్తోత్రం ఆ రోజుకు సగంలోనే ఆగింది.

ఆయన మాకు చుట్టం కాదు. కొండాపూర్ చుట్టుపక్కల కిరాయి ఇళ్ళు చూపించే మనిషి. మా చెల్లెలికి ఒక ఇల్లు చూపించారు. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో మీకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

చెల్లెలు నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. దానికి ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలు కనిపించవు. పొద్దు వాలితే ఆ కాస్త చూపూ తగ్గుతుంది. బండి నడపవద్దన్నారు డాక్టర్లు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో, కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పుతుంది. ఇంటి నుంచి పని చేసినన్నాళ్ళూ బాచుపల్లిలో నా దగ్గరే ఉంది. అందరూ ఆఫీసుకు రావాలన్న రోజు నుంచి కష్టం మొదలైంది. వెళ్ళడానికి గంటన్నర, రావడానికి అంతకన్నా ఎక్కువ. వస్తానన్న క్యాబ్ రాదు. ఒక సాయంత్రం గుమ్మంలోనే కూలబడి, "ఇక మానేస్తానక్కా" అంది. ఆ ఉద్యోగం పోతే తనదంటూ ఏదీ మిగలదని నాకు తెలుసు. దానికీ తెలుసు.

అప్పుడు నేనొక తప్పు చేశాను. ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా, పెద్ద టవర్లో పదమూడో అంతస్తు ఫ్లాట్ మాట్లాడి, దాన్ని అక్కడికి మార్చాను. బాల్కనీలోంచి ఆఫీసు అద్దాలు కనిపిస్తాయి. పిలిస్తే పలికేంత దగ్గర అనుకున్నాను. మధ్యలో రోడ్డును చూశాను గానీ, దాన్ని దాటే దారి ఉందా అని చూడలేదు. డివైడరు పొడవునా కంచె. ఫుట్‌పాత్ టవర్ గేటు దాటగానే అయిపోతుంది. కారులో వెళ్ళినా రెండు సిగ్నళ్ళు పోయి యూటర్న్ తీసుకోవాలి. మొదటి రోజు చెల్లెలు రోడ్డు అంచున అరగంట నిలబడి వెనక్కి వచ్చేసింది. ఏడవలేదు. రాజీనామా ఎలా రాస్తారని మాత్రం అడిగింది.

క్యాబ్‌లో పంపుతూ వేరే ఇల్లు వెతుకుతుంటే, పెద్దాయన సంగతి చెప్పింది ఆ టవర్ వాచ్‌మన్. పెద్దాయన మెడలో తువ్వాలు, జేబు నిండా తాళంచెవులు, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం. పాలమూరు నుంచి వచ్చి, ఇక్కడ మేడలు లేస్తున్న రోజుల్లో ఇటుకలు మోశారట. నేను ఇళ్ళ ఫోటోలు పంపమన్నాను. "ఫోటోల ఇల్లు కనవడ్తది గానీ తొవ్వ కనవడదమ్మా" అన్నారు. తొవ్వంటే దారి.

ఆయన ఇల్లు చూపించే తీరు వేరు. ఇంటి దగ్గర మొదలుపెట్టేవారు కాదు. చెల్లెలు పని ముగించుకొని వచ్చే వేళకు ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఉండేవారు. దారి చెప్పి, చెల్లెలిని ముందు నడవనిచ్చి, పది అడుగుల వెనక తాను నడిచేవారు. ఆయన వెనక నేను. అది ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ జంకుతోందో చూసేవారు. మూడుసార్లు ఆగిందంటే ఆ ఇంటి తాళం తీసేవారే కాదు, రేపు రమ్మనేవారు. దారిలో రాయి గాని ఇటుక ముక్క గాని కనిపిస్తే కాలితో పక్కకు తోసి గాని కదిలేవారు కాదు.

ఒక ఇంట్లో తూర్పు ముఖంగా చక్కని పూజగది ఉందన్నారు. నాకు ఆశ పుట్టింది. కానీ దారిలో పైపుల కోసం తవ్వి వదిలేసిన గుంత. ఆయన తల అడ్డంగా ఊపారు. నేను పూజగది మాట ఎత్తాను.

"దేవుడు యాడికి పోడమ్మా, ఇంట్లనే ఉంటడు. దినాం పోయొచ్చేది బిడ్డ గదా" అన్నారు.

ఆయన నవ్వలేదు. నాకే నవ్వొచ్చింది. అరవై గుళ్ళు తిరిగినదాన్ని, ఆ మాట నాకు తట్టలేదు.

ఎనిమిదో సాయంత్రం టవర్ల వెనక ఉన్న పాత ఊరి సందుల్లోకి తీసుకెళ్ళారు. పిండిమర, దర్జీ కొట్టు, చిన్న పోచమ్మ గుడి. ఇస్త్రీ కొట్టు మీద రెండు గదులు. సందు మరీ ఇరుకని సణిగాను. ఇరుకుంటేనే కార్లు మెల్లగా పోతాయని, అదే మనకు మేలని ఆయన అన్నారు. అప్పుడు గమనించాను, చెల్లెలు ఆఫీసు నుంచి అక్కడిదాకా ఒక్కసారే ఆగింది, పెద్ద రోడ్డు దగ్గర, డివైడరు కంచె తెగిన చోట.

దానికీ ఆయన దగ్గర ఉపాయం ఉంది. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ పనికి వెళ్ళే ఆడవాళ్ళ గుంపుకు చెల్లెలిని పరిచయం చేశారు. "మంది దాటే కాడ దాటాలె బిడ్డా, ఒక్కదానివే దాటకు" అన్నారు. పదిహేను మంది చేతులెత్తి కదిలితే ఆ రోడ్డు ఆగింది. వాళ్ళ మధ్య నా చెల్లెలు.

ఆ ఇంట్లో చేరి రెండేళ్ళయింది. ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు కూరగాయలూ తనే తెచ్చుకుంటుంది. రోజూ నా ప్రార్థనలో చెప్పుకునే పేర్లలో ఆయన పేరు చేరింది.

గురువారం మధ్యాహ్నం చెల్లెలు నన్ను ఆయన ఇంటికి నడిపించి తీసుకెళ్ళింది. రెండు సందుల అవతలే. ఆయన భార్య చెల్లెలి చేయి పట్టుకొని ఒక సంగతి చెప్పింది. రోజూ సాయంత్రం చెల్లెలు ఇంటికి వచ్చే వేళకు, ఆయన చాయ్ గ్లాసుతో అది నడిచే సందు పక్కన అరుగు మీద కూర్చునేవారట. పిలిచేవారు కాదట. అది దాటిపోయాక లేచి ఇంటికి వచ్చేవారట.

పక్కన ఉన్నది కనిపించని పిల్ల. రెండేళ్ళూ తెలియలేదు.

తిరిగి వస్తుంటే పొద్దు వాలింది. సందు మొదట్లో ఒక అమ్మాయి పెద్ద సూట్‌కేసుతో, ఫోన్ చూసుకుంటూ నిలబడి ఉంది. ఉద్యోగానికి కొత్తగా వచ్చిందట. లేడీస్ హాస్టల్‌కు ఆటో ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

"ఆటో ఎందుకమ్మా, నడిచిపోవచ్చు. మిర్చి బజ్జీల వాసన వచ్చేదాకా తిన్నగా పో. అక్కడ కుడిచేతి వైపు తిరుగు" అంది చెల్లెలు.

ఆ అమ్మాయి కదిలింది. చెల్లెలు తల కాస్త వంచి, సిమెంటు సందులో ఆ సూట్‌కేసు చక్రాల చప్పుడు కుడివైపు తిరిగేదాకా వింటూ నిలబడింది.