సగం మాత్రలు, సగం కసరత్తు

ఈ రోజు ధర్మవరంలో మా వీధికి డాక్టరమ్మ మళ్లీ వచ్చారు. నేతవాళ్ల నడుం నొప్పికి మాత్రలు మేలా, కసరత్తు మేలా అని పోల్చి చూస్తున్నారు. పోయిన నెల పక్కింటి ఓబులేసుకు మాత్రలు, అతని భార్య లక్ష్మక్కకు కసరత్తు ఇచ్చారు. ఇద్దరికీ నొప్పి తగ్గింది.

"మాత్రల్లో సగం నాకిచ్చినాడు మేడమ్. కసరత్తు ఇద్దరమూ చేస్తాండాం," అంది లక్ష్మక్క.

"అట్లయితే ఏది పనిచేసిందో ఎట్లా తెలుస్తుందమ్మా?"

"ఒకే మగ్గం మీద కూసుంటాం. నేను నొప్పితో అల్లాడతాంటే ఈయప్ప ఒక్కడే మింగల్లా? వీధి మొత్తానికీ ఒకటే ఇయ్యండి, పంచుకున్యా తప్పుండదు."

డాక్టరమ్మ నవ్వి ఒప్పుకున్నారు. ఏ వీధికి మాత్రలో, ఏ వీధికి కసరత్తో రేపు చీటీ తీస్తారు. కూర్చుని పద్దులు రాసే నాకూ నడుం నొప్పే. మాకు మాత్రలే రావాలని కోరుకుంటున్నాను. మీరైతే?