మాట్లాడకండి, ఫొటో కదిలిపోద్ది

ఫోన్‌లో ఫొటో మీద వేలు నొక్కి పట్టుకుంటే అద్దం కింద చిన్న వణుకు పుడుతుంది. ఆ తర్వాతే బొమ్మ కదులుతుంది. మొన్న మా రైల్వే ఆఫీసులో ఒకమ్మాయి తన కొడుకు అన్నప్రాశన ఫొటో తెచ్చి, "నొక్కి పట్టుకోండి దీదీ, నవ్వుతాడు" అంది. పట్టుకున్నాను. ఆ వణుకు వేలికి తగలగానే, పిల్లవాడి నవ్వు దాకా ఆగలేక ఫోన్ ఆమె చేతిలో పెట్టేశాను. ఆమె ఏమనుకుందో నాకు తెలియదు. కామేశ్వరి టీచరు పోయి ఏడాది దాటినా ఆ వణుకంటే నాకింకా భయమే.

కామేశ్వరి టీచరు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మా తెలుగు బడి పంతులమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాల పిల్లలం మేము. వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, ఇంట్లో తిట్లు తినడానికి తెలుగు. ఆ తెలుగుకు అక్షరాలున్నాయని నాకు చూపించింది ఆవిడే. ఏడాదికోసారి గోల్‌బజార్ నుంచి ఫొటోలు తీసే ఆయన వచ్చేవాడు. తరగతికి ఒక్క ఫొటో, రీలు ఖర్చని రెండోది తీసేవాడు కాదు. ఒకసారి ఒక పిల్ల దోమను తోలుకోబోయి తల తిప్పింది. ఫొటోలో దాని ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక మిగిలింది. ఆ పిల్లకు ఇంట్లో ఇంకో ఫొటో లేదట, వాళ్లమ్మ బడికి వచ్చి ఏడ్చింది. అప్పటినుంచి టీచరు కెమెరా పక్కన నిలబడి, "మాట్లాడకండి, కదలకండి. కదిలినోళ్లు ఫొటోలో ఉండరు" అనేవారు. మేం ఊపిరి బిగబట్టేవాళ్లం. నా పెళ్లి ఫొటోల్లో కూడా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను, చూసినవాళ్లు పెళ్లి ఇష్టం లేదా అని అడిగారు.

ఆవిడ భర్త నారాయణరావు గారు వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనది ఆపకపోతే ఆగని నోరు. ఉల్లిపాయలు తెమ్మని పంపితే, దారిలో కనబడ్డ ప్రతివాడి యోగక్షేమాలూ తెచ్చి ఉల్లిపాయలు మరిచిపోయే రకం. వాళ్లకు పిల్లలు లేరు. ఆయన రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి ఊళ్లోనే ఝపటాపూర్‌లో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అప్పుడే టీచరు స్మార్ట్‌ఫోన్ కొన్నారు. ఇక ఆయనే ఆవిడ తరగతి. జామకాయతో ఒకటి, కొత్త చొక్కాతో ఒకటి, వరండాలో ఊరికే కూర్చుంటే ఒకటి. ఫోన్ ఎత్తగానే ఆయనకు ఏదో ఒకటి చెప్పాలనిపించేది, ఆవిడ ఆయన నోరు మూయించేసేవారు. "మీ టీచరు నన్నింకా ఒకటో తరగతిలోనే కూకోబెట్టింది పద్మా" అని ఆయన నాతో అంటే ముగ్గురం నవ్వుకున్నాం.

ఒక వానాకాలం ఉదయం ఆయన గుండె ఆగిపోయింది. చెప్పడానికి అంతకంటే ఏమీ లేదు.

కొన్ని నెలల తర్వాత టీచరు కబురు చేశారు, ఫోన్ నిండిపోయిందట, ఏవో తీసేయమని అడుగుతోందట. ఆదివారం వెళ్లి చూశాను. కొన్న రోజు నుంచీ కెమెరాలో మోషన్ ఫొటో ఆన్‌లో ఉంది. బొత్తాం నొక్కడానికి ముందు కాసింత సేపు జరిగింది కూడా మాటతో సహా ఫోన్ దాచిపెడుతుందని, అందుకే ఒక్కో ఫొటో అంత చోటు తింటోందని చెప్పాను. వాట్సాప్‌లో పంపినవన్నీ మామూలు బొమ్మలుగానే వెళ్లాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. కదలిక తీసేసి బొమ్మ మాత్రం ఉంచుకుంటే చోటు మిగులుతుంది. అదెలా ఉంటుందో చూపిద్దామని వరండా ఫొటో మీద వేలు పెట్టాను.

నారాయణరావు గారు కుర్చీలో కదిలారు. తలెత్తి నవ్వుతూ, "కామేశ్వరీ, ఏటంటే" అన్నారు. వెంటనే టీచరు గొంతు, "ఉండండి. మాట్లాడకండి, ఫొటో కదిలిపోద్ది." ఆయన నోరు మూసుకున్నారు. అంతే, అయిపోయింది.

టీచరు మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయారు. "మిగతా వాటిల్లో కూడా ఉన్నారా?" అని అడిగారు. ఉన్నారన్నాను. ఆవిడ ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన మాట ఒక్కటి పూర్తిగా వింటే చాలన్నారు. ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయాం. జామకాయ ఫొటోలో ఆయన నోరు తెరిచారు, ఆవిడ ఆపేశారు. కొత్త చొక్కాలో "ఇది సూడు" అన్నారు, ఆపేశారు. తర్వాతి ఫొటోల్లో ఆయన మొదలే పెట్టలేదు. ఫోన్ ఎత్తడం చూసి పెదవులు బిగించి, బుద్ధిమంతుడైన పిల్లవాడిలా ఎదురుచూశారు. ఎక్కడ విన్నా ఆవిడ గొంతే.

"నా గొంతు తీసీసి ఆయన గొంతు ఉంచు పద్మా" అన్నారు టీచరు. శబ్దం తీసేస్తే ఇద్దరిదీ పోతుంది, ఒకరిది వేరు చేయడం నాకు చేతకాదన్నాను. ఆవిడ గోడవైపు తిరిగి, "ఇంట్లో ఆయన మాటలు ఎక్కువైపోనాయని ఇసుక్కునీదాన్ని. ఒక్కటీ దాసుకోలేదు" అన్నారు.

ఫొటోలు ఒక్కటీ తీసేయనివ్వలేదు, వేరే ఏవో చెరిపి చోటు చేశాను. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఆవిడ వేలు ఆ వరండా ఫొటో మీదే ఉండేది. "ఏటంటే" తర్వాత ఏమనబోయారో ఊహించడమే ఆవిడకు పనైపోయింది. టీ అడగబోయారేమో. పక్కింటివాళ్ల కబురేమో. ఒకరోజు మాత్రం, "గుండెల్లో నొప్పని సెప్పబోయినారేమో పద్మా" అన్నారు. ఆ ఫొటో ఆయన పోవడానికి చాలా ముందుదని తారీఖు చూపించాను. ఆవిడ చూడలేదు. తిండి తగ్గింది, మాట తగ్గింది. పిల్లలందరినీ ఒక్క కేకతో కూర్చోబెట్టిన మనిషి, నేను వెళితే తల ఊపి ఊరుకునేవారు. ఆ ఇంటికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ, ఆ ఫొటో నొక్కకుండా ఉంటే బాగుండేదనిపించేది. కానీ ఆయన నవ్వుతూ తలెత్తిన ఆ క్షణం ఆవిడకు దక్కకుండా పోయేది కదా అనీ అనిపించేది. ఏది మేలో తేల్చుకోలేక బతుకుతున్నాను.

ఆవిడ మంచం పట్టాక ఒక మధ్యాహ్నం వెళ్లాను. దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాను. ఈ గొంతైనా పోకూడదనుకుని నా ఫోన్‌లో మోషన్ ఫొటో ఆన్‌లో ఉందో లేదో చూసుకుని ఎత్తిపట్టుకున్నాను. ఏదైనా ఒక్క మాట చెప్పమని ముందే బతిమాలాను. కెమెరా చూడగానే ఆవిడ కొంగు సర్దుకున్నారు, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు, మెడ నిటారుగా నిలిపారు. పెదవులు కొద్దిగా విడివడి మళ్లీ మూసుకున్నాయి. తర్వాత ఎక్కువ రోజులు ఉండలేదు.

ఆ ఫొటో నా దగ్గరుంది. "మాట్లాడండి టీచర్" అని అందులో ఒక గొంతు వినిపిస్తుంది. అది నాది.